తెర మీది చెయ్యి

మాటతో అమ్మడం మా ఇంటి విద్య. పురుగు పట్టిన కందిపప్పు చేటలో పోసి, "పురుగే మెచ్చిందంటే పప్పు ఎంత తియ్యగా ఉందో చూసుకోండి" అని అమ్మగలిగిన వంశం మాది. నేను నడక కంటే ముందు బేరం నేర్చుకున్నానని మా అమ్మ అనేది. అబద్ధాలు ఆడానా అంటే ఆడాను. కొట్టు మీద కూర్చున్నవాడు ఆడేవి ఆడాను. వాటిలో ఏదీ ఇప్పుడు నన్ను కుట్టడం లేదు. కుట్టేది ఒక్కటే ఉంది. దాన్ని నేను నోటితో ఆడలేదు. బొమ్మ వేయించి ఊరందరికీ చూపించాను.

అరవైల చివర్లో మాట. నరసన్నపేట బజారులో మాది బియ్యం, పచారీ కొట్టు. వీధికి అవతల, సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా, అలాంటిదే ఇంకో కొట్టు ఉండేది. దాని యజమానిని నేను మావా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. పొద్దున్నే ఎదురెదురుగా తలుపు చెక్కలు తీసుకునేవాళ్ళకి ఏదో ఒక వరస కావాలి కదా, అదే మా వరస.

ఆయనకి కుడి చేతి చూపుడు వేలు లేదు. వయసులో ఉండగా చెరుకు గానుగలో పెట్టాడట, మొదలంటా పోయింది. మిగిలిన నాలుగు వేళ్ళ చెయ్యికి మా చుట్టుపక్కల ఊళ్ళలో పెద్ద పేరు. విత్తనానికి మంచి చెయ్యి అనేవారు. ఏరువాక రోజు పొద్దున్నే, నాగలి కట్టకముందే, రైతులు ఆయన కొట్టు ముందు తువ్వాళ్ళు పరిచేవారు. ఆయన మూడు పిడికిళ్ళ వడ్లు పోసేవాడు. చల్లుకునే విత్తనం వాళ్ళ గాదెల్లో వాళ్ళకి ఉండేది, ఈ మూడు పిడికిళ్ళూ దాంట్లో కలుపుకుంటే చాలు. అందుకు ఆయన ఏమీ పుచ్చుకునేవాడు కాదు. కాకపోతే ఏరువాకకి ఆ గుమ్మం తొక్కినవాడు ఏడాది పొడుగునా ఉప్పూ చింతపండూ కూడా ఆ గుమ్మంలోనే కొనేవాడు. అది ఆయన చూసుకున్నాడో లేదో గానీ, వీధికి ఇవతల కూర్చుని నేను మాత్రం చూసుకునేవాణ్ణి.

అప్పటికి కిలోలు వచ్చి కొన్నేళ్ళయినా జనానికి వాటి మీద నమ్మకం కుదరలేదు. కుంచంతో కొలిస్తే రాశి పైకి లేవడం కళ్ళకి కనిపిస్తుంది. తక్కెడలో ఏం కనిపిస్తుంది? ఒక ఇనప ముక్క, ఒక ముల్లు. అందుకని కొనేవాడి చూపంతా కొట్టువాడి చెయ్యి మీదే ఉండేది. మా తూకం సరైనదని నేను రోజుకి వందసార్లు చెప్పేవాణ్ణి. చెప్పేకొద్దీ అనుమానం పెరిగేది.

ఆ వేసవిలో ఊరి చివర రోడ్డు పక్కన టూరింగు టాకీసు డేరా వేశారు. ఆట మొదలయ్యే ముందు గాజు పలకల మీద రాసిన ప్రకటనలు తెర మీద వేసేవారు. బీడీలవాడిదీ సోడావాడిదీ పడ్డాయి. మా కొట్టుదీ పడాలని నాకు బుద్ధి పుట్టింది. విజయనగరం నుంచి బోర్డులు రాసే పెయింటరొకడు ఊళ్ళోకి వచ్చి ఉంటే పిలిపించాను. తూకం గురించి నేనే అల్లిన నాలుగు పంక్తులు రాసిన కాగితం వాడి చేతిలో పెట్టాను.

వాడు చదివి కాగితం మడిచేశాడు. "బాగుంది బాబూ. కానీ నేల మీద కూకునేవోళ్ళలో సదువొచ్చినోళ్ళు ఎంతమంది? బొమ్మెయ్యండి. బొమ్మకి బడితో పనినేదు."

నిజమే అనిపించింది. "అయితే మోసం తూకం ఎలా ఉంటుందో పెద్దగా బొమ్మ వెయ్యి. మా కొట్టులో ఇలా జరగదని కింద నా పంక్తులు రాయి" అన్నాను. ఆ తర్వాత రంగుల బేరం. వాడు నాలుగు రంగులన్నాడు, రెండింటికి లాక్కొచ్చాను. ఆకాశం ఎందుకు, తక్కెడ ఆకాశంలో వేలాడుతుందా అని నీలం పీకించాను. గెలిచినందుకు ఆ పూట హుషారుగా కూడా ఉన్నాను.

చెయ్యి ఎలా గియ్యాలో తెలియక వాడు మా అరుగు మీద కూర్చుని ఒక పూటంతా వీధిలోకి చూశాడు. మర్నాడు గాజు పలక పట్టుకొచ్చాడు. అరచేతిలో ఇమిడేంత ఉంది. వెలుతురుకి ఎత్తి చూశాను. తక్కెడ పళ్ళెంలో బియ్యం. పళ్ళెం మీదకి వంగి ఒక చెయ్యి. దానికి నాలుగే వేళ్ళు.

"ఇదెవరి చెయ్యిరా?"

"ఎదురు కొట్టు సావుకారిది బాబూ. ఆయన కొసరేస్తన్నాడు. తూకమయిపోయినాక పిడికెడు తీసి పళ్ళెంలో ఏస్తాడు కదా, సెయ్యి సరిగ్గా పళ్ళెం మీదకొచ్చినప్పుడు సూసి గీసినాను."

"కొసరు వేస్తే మోసం ఎలా అవుతుంది?"

పెయింటరు నవ్వాడు. "బొమ్మలో సెయ్యి కదలదు బాబూ. ఏస్తన్నాడో, తీస్తన్నాడో, నొక్కుతున్నాడో ఎవుడికి తెలుస్తాది? మోసమని మీరన్నారు కాబట్టి మోసమే. వేలొకటి తక్కువొచ్చిందంటారా, ఇంకో గాజు మీద అయిదు వేళ్ళూ పెట్టి గీసీస్తాను. గాజుకీ రంగుకీ మళ్ళీ మీరే సూసుకోవాల."

వీధి అవతల మావ ఎవరికో బియ్యం తూస్తున్నాడు. తూచాడు, పిడికెడు కొసరు వేశాడు. నేను చూస్తూనే ఉన్నాను.

"ఇంకో గాజు దండగ, ఉండనీ" అన్నాను.

గాజు దండగని చాలా ఏళ్ళు నన్ను నేనే నమ్మించుకున్నాను. కొనేవాణ్ణి నమ్మించడమే నా వృత్తి, నన్ను నేను నమ్మించుకోవడం ఎంతసేపు? ఆ గాజు ధర ఒక పూట మా కొట్టులో ఎలకలు తినే బియ్యానికి సరిపోదు. నేను ఉండనిచ్చింది గాజుని కాదు.

మొదటి ఆటకి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. బీడీలూ సోడా అయ్యాక నా బొమ్మ పడింది. అరచేతిలో చూసినప్పుడు చిన్న చెయ్యి. తెర మీద అది ఎద్దుబండంత ఉంది. డేరాలో నేల మీంచి ఒకడు లేచాడు.

"ఒరే, ఆ సెయ్యికి ఏలు నేదురా!"

"ఓలమ్మ, మన ఇత్తనాల సావుకారి సెయ్యి కాదేటే అది?"

"పళ్ళెం నొక్కీస్తన్నాడు సూడరా! ఇన్నాళ్ళూ కొసరేస్తన్నాడనుకున్నాం!"

ఈలలు, నవ్వులు. నా నాలుగు పంక్తులూ కింద అలాగే వెలుగుతున్నాయి. వాటివైపు చూసినవాడు ఒక్కడూ కనపడలేదు. పక్కవాడు నా తొడ మీద చరిచి, "భలే పట్టుకున్నావయ్యా" అన్నాడు. నేనూ నవ్వాను. ఆట మొదలయ్యాక కూడా నవ్వు మొహం అలాగే పెట్టుకుని కూర్చున్నాను.

మావ సినిమాలు చూడడు. నాలుగు రోజుల దాకా ఆయనకి తెలియలేదు. బడిపిల్లలు మాత్రం కొట్టు ముందు నుంచి వెళ్తూ చూపుడు వేలు ముడిచి, మిగతా నాలుగు వేళ్ళతో గాలిని కిందకి నొక్కి పారిపోయేవారు. మొదట్లో ఆయనే నవ్వాడు. "ఏటర్రా, నా ఏలు మీ దగ్గరుండిపోయిందేటి?" అని కేకేశాడు. తర్వాత పెద్దవాళ్ళు కూడా చెయ్యడం మొదలుపెట్టారు. సంతలో బేరం కుదరకపోతే వేలు ముడిచి గాలి నొక్కడం, చీట్లాటలో ఎవడైనా ముక్క దాస్తే వేలు ముడిచి గాలి నొక్కడం. పది రోజుల్లో అది మా ఊరి సైగ అయిపోయింది. మోసం అనడానికి ఇక ఎవరూ నోరు తెరవనక్కర్లేదు.

ఎవరో ఆయనకి చెప్పారు. నన్ను మాత్రం ఆయన ఏమీ అడగలేదు. ఆ పొద్దున్న నేను తలుపు చెక్కలు తీస్తూ, "ఏం మావా" అన్నాను. ఆయన ఇటు చూసి, "అంతా నీ దయ సావుకారూ" అన్నాడు. మళ్ళీ ఆ నోట అల్లుడా అన్న మాట నేను వినలేదు.

ఆ రోజు నుంచి ఆయన ఎడం చేత్తో తూచేవాడు. కుడి చెయ్యి కండువాలో పెట్టుకుని కూర్చునేవాడు. ఎడం చేత్తో తూకం కుదిరేది కాదు, ఒలికిపోయేది. కొసరు వెయ్యడం మానేశాడు. చెయ్యి పళ్ళెం మీదకి వస్తే చాలు, కొనేవాళ్ళు ఉలిక్కిపడి పళ్ళెం పట్టుకుంటున్నారు మరి. కొసరు మానేశాడు కాబట్టి ఇన్నాళ్ళదీ మోసమేనని ఇంకో మాట పుట్టింది.

ఇక మా కొట్టుకి జనమే జనం. ఎండుచేపల గంపలతో సముద్రం ఒడ్డు నుంచి వచ్చే ఆడవాళ్ళు సరుకు అమ్ముకున్నాక ఎప్పుడూ మావ దగ్గరే బియ్యం కొనేవారు. వాళ్ళు గంపలు మా గుమ్మంలో దించారు. వాళ్ళలో పెద్దామెకి బియ్యం తూస్తూ, ఉండబట్టలేక, గొంతు తగ్గించి చెప్పాను. "అమ్మా, ఆ బొమ్మ నేనే వేయించాను. ఆయన నొక్కడం లేదు, కొసరు వేస్తున్నాడు."

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "నువ్వు మంచోడివి బాబూ, అందుకే ఎనకేసుకొస్తన్నావు. లేనిది తెర మీద పడతాదేటి? నా రెండు కళ్ళతోనీ సూసినాను."

మంచివాణ్ణి కూడా అయిపోయాను. ఆవిడకి పిడికెడు ఎక్కువే వేసి పంపాను.

మా నాన్న సినిమాకి వెళ్ళలేదు గానీ వీధి చూస్తే ఆయనకి అన్నీ తెలిసేవి. ఒక మధ్యాహ్నం, కొట్టులో ఎవరూ లేనప్పుడు అన్నాడు: "ఎదుటి కొట్టు పడగొట్టాలనుకుంటే పడగొట్టు. అది వర్తకం. నువ్వు కొట్టుని పడగొట్టనేదురా, ఆ సెయ్యిని పడగొట్టినావు. మన ఎకరన్నరకి కూడా ఆ సేతి ఇత్తనమే కదేటి నేను తెచ్చింది? ఏరువాకకి ఇంకా నెల ఉన్నాది. ఆ రోజు ఆయన ముందర ఒక్క తువ్వాలయినా పరుసుకోకపోతే ఆ మనిషి బతకడు. బొమ్మ గీయించినోడివి నువ్వే, నువ్వే సెరుపు."

టాకీసుకి వెళ్ళి బొమ్మ ఆపించాను. ఆపినంత మాత్రాన ఏమవుతుంది? గాజు పలక నా జేబులోకి వచ్చింది, చెయ్యి జనం కళ్ళలో ఉండిపోయింది. మళ్ళీ పెయింటర్ని పిలిపించాను. ఈసారి బొమ్మ వద్దన్నాను. "మా ప్రకటన ఏ వర్తకుణ్ణీ ఉద్దేశించినది కాదు. ఎదుటి కొట్టువారు ధర్మంగా తూచేవారు" అని పెద్ద అక్షరాలతో రాయించాను. అది పడగానే నేల మీంచి ఒకటే గోల. "బొమ్మేదిరా? సెయ్యి బొమ్మెయ్యండిరా!" నాలుగో మాటకి వెళ్ళేలోపు ఆపరేటరు పలక తీసేశాడు.

పోనీ బొమ్మే వేద్దామనుకున్నాను. అదే తక్కెడ, అదే నాలుగు వేళ్ళ చెయ్యి. దాని మీద అడ్డంగా ఎర్రటి కొట్టివేత గీత. ఇది తప్పు, నమ్మకండి అని దాని అర్థం. ఆ గీతకి ఎరుపు కావాలంటే బేరం కూడా ఆడలేదు. అది పడ్డ మర్నాడు పొద్దున్నే ఇద్దరు ముగ్గురు మా గుమ్మంలో ఆగారు.

"ఏటి బాబూ, ఎదురు సావుకారి కొట్టు మూయించీసినారంట కదా సర్కారోళ్ళు? తెర మీద కొట్టీసినారు."

"ఆ సెయ్యితో ఇంక తూయకూడదని గీత గీసినారంటరా."

పరుగున పెయింటరు దగ్గరికి వెళ్ళాను. వాడు బండి చక్రానికి రంగు వేసుకుంటున్నాడు. విని, కుంచె పక్కన పెట్టాడు. "నేను ముందే సెప్పాల్సింది బాబూ. బొమ్మకి అవుననడమే వస్తాది. కాదనడం రాదు. ఎన్ని గీతలు గీసినా కింద సెయ్యి కనపడతానే ఉంటాది."

"మరి ఎలా?"

"సెయ్యి కదిలితే తెలుస్తాది. పిడికెడు తీసి ఏసినట్టు కదలాల. గాజు మీద నేను కదపలేను. సినిమా తీసేవోళ్ళకి సెప్పుకోండి."

వాన మబ్బులు పట్టగానే డేరా ఎత్తేశారు. చెప్పడానికి తెర కూడా లేకుండా పోయింది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. గాజు మీద కదలకపోతే నేనే కదులుతాను అనుకున్నాను. మా బజారులో ఒక కట్టుబాటు ఉంది. కొట్టు ఉన్నవాడు ఎదుటి కొట్టులో సరుకు కొనడు. ఇంట్లో ఉప్పు నిండుకుంటే పస్తయినా ఉంటాడు. మూట నెత్తిన మొయ్యడం అంతకన్నా పరువు తక్కువ. ఏరువాకకి ముందు వచ్చే సంత రోజున, వీధి కిటకిటలాడే వేళ చూసి, తువ్వాలు భుజాన వేసుకుని వీధి దాటాను. మావ కొట్టు మెట్టు ఎక్కకుండా కింద నిలబడి, అందరికీ వినపడేలా, "మావా, పది కిలోల బియ్యం కావాలి. కుడి చేత్తో తూచు. కొసరు కూడా వెయ్యి. మూట నెత్తిన పెట్టుకుని వెళ్తాను" అన్నాను.

జనం ఆగారు. గంపలవాళ్ళు గంపలు దించారు. సరిగ్గా నేను అనుకున్నట్టే గుంపు కట్టారు. లోలోపల నాకు ఆనందం కూడా కలిగింది, బొమ్మ బాగా కుదిరిందని.

మావ కూర్చున్నచోటి నుంచి లేవలేదు. నన్ను చూశాడు, నా వెనక గుంపుని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"ఇదెవుడు గీసినాడు సావుకారూ? ఇజీనారం పెయింటరేనా, నువ్వేనా?"

నేను భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాను.

"జనం లేనప్పుడు రాడానికి నీకు నెల్లాళ్ళు ఉన్నాది. పొద్దున్నే తలుపు సెక్క తీసినప్పుడు వీధిలో నువ్వూ నేనే ఉంటాం. అప్పుడొచ్చి మావా తప్పయిపోయిందంటే వినపడదేటి నాకు? నేనేటి సెవిటోణ్ణా?" గొంతు పెంచలేదు. ముందు వరసలో ఉన్నవాళ్ళకి వినపడిందో లేదో కూడా తెలియదు. "నేను నీ మూటకి తూయను. ఎల్లు."

నేను కదలలేదు. "ఏం చెయ్యమంటావో చెప్పు మావా. చేస్తాను" అన్నాను. ఈసారి నిజంగా మెల్లగానే అన్నాను.

ఆయన తక్కెడ గొలుసు తుడిచాడు. తర్వాత అన్నాడు: "ఏరువాక నాడు ఎవుడైనా నీ ముందర తువ్వాలు పరిస్తే నువ్వు సెయ్యి పెట్టకు. నా కాడికి పంపకు. నా గురించి మంచీ సెప్పకు, సెడ్డా సెప్పకు. నీ సెయ్యి నీ కాడ ఉంచుకో. రావాలనుకున్నోడు ఆడే వస్తాడు. అంతే. సేయగలవా?"

"చేస్తాను మావా."

"ఎల్లు మరి."

ఖాళీ తువ్వాలుతో వీధి దాటి వచ్చాను. అంత సులువైన బేరం నేను జన్మలో ఆడలేదు. ఏమీ ఇవ్వక్కర్లేదు, ఏమీ పుచ్చుకోనక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

ఏరువాక పొద్దున్న ఇంకా మసక ఉండగానే ఇద్దరం తలుపు చెక్కలు తీశాం. వీధిలో నిజంగానే ఆయనా నేనే ఉన్నాం. తప్పయిపోయింది అనడానికి నోరు తెరిచాను. అప్పటికే ఆయన లోపలికి తిరిగి విత్తనాల బుట్ట తెస్తున్నాడు. సరే, తర్వాత అనొచ్చులే అనుకున్నాను. బుట్ట అరుగు మీద పెట్టాడు, పసుపు బొట్లు పెట్టాడు. నెల దాటాక మొదటిసారి కుడి చెయ్యి కండువాలోంచి బయటికి తీసి, బుట్ట అంచు మీద ఆనించి నిలబడ్డాడు.

రైతులు వచ్చారు. భుజాన తువ్వాళ్ళు. రెండు కొట్ల మధ్య వీధిలో గుంపుగా నిలబడి గుసగుసలాడుకున్నారు. ఎవరూ ఆయన వైపు వెళ్ళలేదు. వెళ్ళకుండా తిరిగి పోనూ లేదు. అప్పుడు వాళ్ళలో అందరికన్నా పెద్దాయన, ఏటేటా మావ ముందు మొదటి తువ్వాలు పరిచే మనిషి, ఇటు తిరిగి మా అరుగు మీద తువ్వాలు పరిచాడు.

"బాబూ, మూడు పిడికిళ్ళు పెట్టు."

"నా దగ్గర విత్తనం లేదు తాతా."

"అదేటది?" నా వెనక గోతం మూతి విప్పి ఉంది. మా ఎకరన్నరకి మా నాన్న తీసి పెట్టిన వడ్లు.

"నాకా అలవాటు లేదు."

"అలవాటేటి బాబూ, పిడికిలెత్తడమే కదా. సరైన సెయ్యి నీదే అంటన్నారు ఊరందరూ. పొద్దెక్కిపోతంది, ఎడ్లు కట్టాల." ఆయన పక్కన ఇంకో తువ్వాలు పడింది. దాని పక్కన ఇంకొకటి.

చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి వెళ్ళిపోతే సరిపోయేది. తలుపు చెక్క ఒకటి అడ్డం పెట్టినా సరిపోయేది. వెనక సరుకు పెట్టుకుని, ముందు నిలబడ్డవాడికి లేదని చెప్పడం నాకు ఎవరూ నేర్పలేదు. "సరైన చెయ్యి నీదే" అన్న మాట చెవిలో పడ్డప్పుడు లోపల ఎక్కడో తియ్యగా కూడా ఉంది, అది కూడా చెప్పాలి. నా చెయ్యి గోతంలోకి వెళ్ళింది. మొదటి తువ్వాల్లో మూడు పిడికిళ్ళు పోశాను. పెద్దాయన కళ్ళకి అద్దుకుని మూట కట్టుకున్నాడు. రెండో తువ్వాల్లో పోశాను. మూడో తువ్వాల్లో పోస్తూ తలెత్తి చూశాను.

వీధి అవతల మావ బుట్ట మీద గుడ్డ కప్పుతున్నాడు. రెండు చేతులతో బుట్ట ఎత్తి, నావైపు చూడకుండా లోపలికి తీసుకెళ్ళిపోయాడు.

నా ముందు ఇంకా అయిదారు తువ్వాళ్ళు పరిచి ఉన్నాయి. అన్నిట్లోనూ పోశాను.